మెరిసే గుండీ ఒకటి, స్మార్ట్ కొరడా ఒకటి

కిందటి నెల రామన్నపేట వెళ్లినప్పుడు మా అన్న ఫోను పట్టుకుని గడపలోనే ఎదురొచ్చాడు. అతని బిడ్డ రెండో తరగతి చదువుతోంది. బడివాళ్లు ఇంగ్లీషులో ఏదో మెసేజ్ పంపారట, దాన్ని ఫోనే తెలుగు చేసి పెట్టిందట. తెర మీద "మీ వార్డు ఒక మేకులా పదునుగా ఉంది" అని ఉంది. "మన వార్డుల మేకులేంది చెల్లె? మొన్న రోడ్డేసినోళ్లు గిట్ల ఇడిచిపోయిన్రా? గది బడోళ్లకెట్ల తెలిసింది?" అని అడిగాడు. చెప్పుల్లేకుండా పిల్లను బయటికి పంపొద్దని వదినకు అప్పటికే తాకీదు ఇచ్చేశాడు కూడా. ఇక్కడ వార్డంటే నీ బిడ్డ, మేకంటే దాని తెలివి అని నేను చెప్పేసరికి, ఒకసారి నా మొహం, ఒకసారి పిల్ల మొహం చూసి, "తెలివుంటే తెలివున్నదని రాయొచ్చు గద" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. పదేళ్ల పైచిలుకు కిందట, ఇదే గడప ముందు, ఇదే మేకు మూలంగా నా చదువు ఆగిపోబోయింది. అప్పుడు అన్న ఊళ్లో లేడు, హైదరాబాదులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే పని నేర్చుకుంటున్నాడు. అందుకే నవ్వెందుకో అతనికి అర్థం కాలేదు. కూర్చోబెట్టి చెప్పాను. చెప్పాక రాయాలనిపించింది.

ఇంకా ముప్పై కూడా నిండకుండా జ్ఞాపకాలు రాయడమేమిటని అడిగేవాళ్లుంటారు. దుకాణదార్ల ఇళ్లలో రెండు పండుగలు దాటిన సరుకు పాత సరుకే. దాని దుమ్ము దులిపి ముందు వరసలో పెట్టడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

అప్పుడు తెలంగాణ కొత్తగా వచ్చింది. బండ్ల నంబరు పలకల మీద ఏపీ గీకేసి టీఎస్ రాయించుకోవడానికి మా దుకాణం పక్కనున్న పెయింటర్ దగ్గర జనం వరస కట్టేవాళ్లు. ఇప్పుడు కొత్త బండ్ల మీద టీజీ కనబడుతోంది, ఆ పెయింటరూ లేడు. మా దుకాణం మాత్రం బస్టాండుకు ఎదురుసందులో అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, వెనక ఇల్లు, ముందు గల్లా. కిరాణం ఒక్కటి తప్ప అన్నీ దొరికే దుకాణం అది. దారపు ఉండలు, గుండీలు, జిప్పులు, చెప్పులు కుట్టేవాళ్లకు కావలసిన చిన్న మేకులు, ఎడ్ల పగ్గాలు, గొర్రెల మెడకు కట్టే గంటలు, బోనాల సామాను, పిల్లల బొమ్మలు. కలరా ఉండలూ, జనపనార తాళ్లూ, తోలూ, అగరొత్తులూ కలిసి ఒక వాసన ఉండేది. నా బట్టల్లో, పుస్తకాల్లో, చివరికి నా టిఫిన్ డబ్బాలో కూడా అదే వాసన. బడిలో నా వెనక బెంచీ పిల్ల నేను ఆ రోజు వచ్చానో లేదో కళ్లు మూసుకుని చెప్పేది.

మా నాన్న, అంటే బాపు, పొద్దున్నే షట్టరెత్తి, నీళ్లు చల్లి, పెన్సిలు ములికిని నాలిక మీద తడిచేసి చెవి మీద పెట్టుకుని కూర్చునేవాడు. తొమ్మిదికల్లా చుట్టుపక్కల ఊళ్ల ఆటోవాళ్లు చీటీలు తెచ్చి గల్లా మీద పడేసి పోయేవాళ్లు. తిరిగి పోయేటప్పుడు మూటలు పట్టుకుపోయేవాళ్లు. చీటీ మీద నమస్కారం ఉండదు, క్షేమసమాచారం ఉండదు, వరసకొక వస్తువు, అడుగున పేరు. బాపు ఒక్కొక్కటీ మూటలో వేసి దాని మీద అడ్డగీత కొట్టేవాడు. అన్నీ అయ్యాక ఆ చీటీని గల్లా పక్కనున్న ఇనుప ముల్లుకు గుచ్చేవాడు. ముల్లుకెక్కిందంటే మాట తీరిపోయినట్టు. ఆయనకు ఒకటే పట్టింపు, ఏ చీటీ మీదా "లేదు" అని రాయడు. అడిగింది లేకపోతే దాని చుట్టాన్ని పంపేవాడు. నీలం రిబ్బను లేకపోతే ఊదా రిబ్బను, ఇత్తడి గంట లేకపోతే ఇనుప గంట. ఒకసారి ఏనుగు బొమ్మ అడిగినవాళ్లకు బర్రె బొమ్మ పంపి, తొండం తర్వాత వస్తుందని ఆటోవాడితో చెప్పించాడు. వాళ్లు మళ్లీ రాలేదు. కోపంతో రాలేదని నేననుకుంటాను. తొండం కోసం ఎదురుచూస్తున్నారని బాపు అనుకునేవాడు.

నాకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చింది. ఏడో తరగతిలో ఉండగా అద్దం కొనడానికొచ్చిన ఒకామెకు, అద్దంలో చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని గాజులూ రిబ్బన్లూ బొట్టుబిళ్లలూ అమ్మాను. ఆమె ఇంటికి పోయాక గానీ అద్దం కొనలేదన్న సంగతి గుర్తురాలేదు. ఆ కథను బాపు వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోయేవాడు. నా కొంప ముంచింది ఆ మురిపెమే. పదో తరగతి అయ్యాక నల్గొండలో హాస్టలున్న కాలేజీలో ఇంటర్ చదువుతానని నేను తొమ్మిదిలో ఉన్నప్పటి నుంచీ అంటున్నాను, బాపు అప్పటి నుంచీ వద్దంటున్నాడు. "అన్న పట్నం వట్టిండు. నీ నోరు దుకాణానికి గావాలె బిడ్డా. కాలేజిల మాట్లాడనియ్యరు, ఉత్తగ పాడైతది" అనేవాడు. ఆయన దృష్టిలో అది నా మంచికే.

పది పాసయ్యేసరికి నా పక్షాన ఉన్నది ఒక్క మా బడి ఇంగ్లీషు సారు. ఆయనది ఆలంపూర్. ఒంటరిగా కిరాయి గదిలో ఉండేవాడు. మాట మెల్లగా వచ్చేది, తుంగభద్ర ఒడ్డువాడు గనక నిండుగా మాట్లాడతాడని మేమనుకునేవాళ్లం. నిజానికి ఆయనకు భయమెక్కువ. కుక్కలకు, తనిఖీకొచ్చే ఆఫీసర్లకు, పిల్లల తండ్రులకు, ఆ వరసలోనే భయపడేవాడు. ఆయనకున్న ఒక్క పిచ్చి ఇంగ్లీషు పోలికలు. రోజుకొకటి బోర్డు మీద రాసేవాడు. తెలివిగలవాణ్ణి ఇంగ్లీషువాళ్లు ఎన్ని రకాలుగా పొగుడుతారో చెప్పేటప్పుడు ఆయన కళ్లు తడిసేవి. నల్గొండ కాలేజీ ప్రిన్సిపాల్ మేడం ఒకప్పుడు ఆయనకు చదువు చెప్పిందట. చురుకైన పిల్లయితే సోమవారం లోపు ఉత్తరమిచ్చి పంపించు, హాస్టల్లో సీటు చూస్తానని చెప్పిందట. శనివారం పొద్దున సారు ఉత్తరం రాసి నా చేతికిచ్చాడు. "నా దగ్గరున్న మంచివన్నీ పెట్టినానమ్మా" అన్నాడు. పైన నా పేరు. దాని కింద, ఆయన బోర్డు మీద రాసే పద్ధతిలోనే, వరసకొక పోలిక. అడుగున సంతకం. దాన్ని చూస్తే ఏమి గుర్తుకు రావాలో నాకు అప్పుడే రావలసింది. రాలేదు. అంత పొగడ్త చేతిలో ఉంటే ఎవరికి మాత్రం ఏం గుర్తొస్తుంది.

దాన్ని తెచ్చి గల్లా మీద పెట్టి, ఎగిరిపోకుండా తాళంగుత్తి పెట్టి, బాపు అన్నం తిన్నాక మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చూపిద్దామని, ఈలోపు తహసీల్దారు ఆఫీసుకు ఆదాయం సర్టిఫికెట్ కోసం పోయాను. తర్వాత జరిగింది అమ్మ చెప్పగా విన్నదే. ఎన్నిసార్లు చెప్పించుకున్నానంటే, ఇప్పుడు నేనూ అక్కడే ఉన్నట్టు ఉంటుంది.

బాపుకు ఇంగ్లీషు రాదు. మా చిన్నాయినకు వచ్చు. బాపుకు సొంత తమ్ముడు, పేరు సత్తయ్య, ఏడేండ్లు భివండిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసి వచ్చాడు. అక్కడ బట్టల మూటల మీద అచ్చువేసిన ముక్కలు చదివి చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. అందుకే ఆయన ఇంగ్లీషులో క్రియలుండవు, సరుకులే ఉంటాయి.

"సారు చీటీ పంపినట్టున్నడు. జర సదువురా సత్తిగా" అన్నాడు బాపు.

"పైన మన పోరి పేరున్నది. అంటే పోరితోని పంపుమని. మొదటిది, బ్రైట్ యాజ్ ఎ బటన్. బ్రైటంటే మెరిసేది. బటనంటే గుండీ. ఎ అంటే ఒకటి."

"నడుమ యాజంటే?"

"యాజంటే భివండిల గూడ ఉంటుండె. ఎవలూ పట్టించుకోకపోదురు. మెరిసే గుండీ ఒకటి, రాసుకో. రెండోది, షార్ప్ యాజ్ ఎ టాక్. మొనదేలిన మేకు ఒకటి. చెప్పులకు కొట్టేది."

బాపు నిట్టూర్చాడట. "అంగీకి గుండీ ఊడింది, చెప్పుకు మేకు ఊడింది. ఒంటిగ ఉంటడు, పాపం. మల్ల?"

"స్మార్ట్ యాజ్ ఎ విప్."

"విప్పంటే?"

"పేపర్ల సూడలేదా? ఎమ్మెల్యేలకు జారీ చేస్తరు."

"ఎమ్మెల్యేలకు జారీ చేసేది మన దుకాణంల యాడుంటదిరా?"

అప్పుడు అమ్మ లోపలి నుంచి నా డిక్షనరీ తెచ్చి ఇచ్చింది. అందులో కొరడా అని ఉంది. బాపు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు, కొరడా ఉంది మరి. కానీ అనుమానం తీరలేదు. "స్మార్టంటే ఫోను లెక్కనా? చార్జింగు వెట్టాల్నా?" అని అడిగాడు. చూడ్డానికి ముచ్చటగా ఉండాలని దాని అర్థమన్నాడు చిన్నాయిన. "బళ్లె కొరడా ఎందుకు?" అంది అమ్మ. "నువ్వు తొమ్మిదో తరగతి పోరగాండ్లను సూడలే వదినె" అన్నాడు చిన్నాయిన.

"ఆఖరుది, క్లెవర్ యాజ్ ఎ ఫాక్స్. తెలివిగల నక్క ఒకటి."

బాపు పెన్సిలుతో చెవి గోక్కుని, "తెలివిలేని నక్క యాడన్న ఉంటదా? గా ముక్క ఎందుకు రాసినట్టు?" అన్నాడు. నక్కను అడగడం మీద ఆయనకు అభ్యంతరం లేదు. చదువుకున్నవాడు కాగితం దండగ చేశాడని మాత్రమే.

గుండీ ఒకటే పంపడం దుకాణానికి మర్యాద కాదని, కోటుకు కుట్టే బంగారు రంగు గుండీలు ఒక అట్ట పెట్టాడు. మేకులు ఒక గుప్పెడు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులను తోలే చెర్నకోలలు తెప్పించడం మానేశాడు గానీ బోనాల ఊరేగింపు ముందు దిట్టమైన పోతరాజులు ఝళిపించడానికి తెచ్చిన కొరడా ఉంది. మోచేతి లావు పేనిన తాడు, పసుపు, కొసకు ఎర్రగుడ్డ. ముచ్చటగానే ఉంది. ఇక నక్క. బొమ్మల అలమారలో గోధుమరంగు గుడ్డకుక్క ఒకటి రెండేళ్లుగా అమ్ముడుపోకుండా ఉంది. బాపు దాని తోకకు అదే రంగు ఉన్ని చుట్టించి జానెడు దాన్ని మూరెడు చేయించాడు. కుట్టింది అమ్మే. చిన్నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, తోక నక్కదే గని మొఖం కుక్కదే ఉన్నది" అన్నాడు.

"తెలివిగల నక్క గదరా. కుక్క ఏషమేసింది" అన్నాడు బాపు.

సారు మన పిల్లకు చదువు చెప్పినవాడు, ఏమీ తీసుకోవద్దని ఆటో అతనికి చెప్పి మూట బడికి పంపాడు. ఉత్తరం మీద నాలుగు అడ్డగీతలు కొట్టి ముల్లుకు గుచ్చాడు. ముల్లు సరిగ్గా నా పేరులోంచి దిగింది.

మూడింటికి నేను తిరిగొచ్చి గల్లా మీద వెతికాను. తాళంగుత్తి ఉంది, ఉత్తరం లేదు. "సారు చీటీనా? గా పని అయిపాయె. నక్క గూడ పంపిన" అన్నాడు బాపు, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ. నక్కేమిటో అర్థం కావడానికి ముందు ముల్లు మీది కాగితం కనిపించింది. నన్ను పొగిడిన నాలుగు మాటలనూ రాసినవాడే మనసు మార్చుకుని కొట్టేసినట్టుంది. ఆ కాగితం తీసుకుపోయి ప్రిన్సిపాల్ ముందు పెడితే నేను గుండీనీ కాను, మేకునూ కాను, అసలు ఏమీ కానని తేలిపోతుంది. జరిగిందంతా అమ్మ గబగబా చెప్పింది, ఏడుపు కూడా రాలేదు. బడికి పరుగెత్తాను. సారు వెళ్లిపోకముందే ఇంకో ఉత్తరం రాయించుకోవాలి.

స్టాఫ్ రూములో బల్ల మీద మూట విప్పి ఉంది. సారు దానికి నాలుగడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మిగతా సార్లు దాన్ని అప్పటికే చదివేశారు, చిన్నాయినకంటే బాగా. లెక్కల సారు నాకూ విప్పి చెప్పాడు. "గుండీలంటే అంగీ పట్టుకుంటనని. మేకులంటే తొవ్వల పోస్తనని. కొరడాకు అర్థం చెప్పాల్నా? ఇగ ఇది, కుక్కనిడుస్తనని. నీ చదువు ముచ్చటల వేలు పెట్టొద్దంటున్నడు మీ బాపు."

"తోక కూడా పెద్దది కుట్టించి పంపినాడమ్మా" అన్నాడు ఇంగ్లీషు సారు సన్నటి గొంతుతో. "అంత ఓపిగ్గా కుట్టినాడంటే ఎంత కోపముండాల."

ఇంకో ఉత్తరం మాట ఎత్తేసరికి చేతులు రెండూ అడ్డం ఊపాడు. నీ చదువు సంగతి మీ ఇంటివాళ్లు చూసుకుంటారు, నేను ఈ ఏడే ఆలంపూర్ పక్కకు బదిలీ పెట్టుకుంటాను అన్నాడు. నేను కూర్చుని మొత్తం చెప్పాను. యాజ్ సంగతి, భివండి సంగతి, ఎమ్మెల్యేల సంగతి. లెక్కల సారు గోడకు ఆనుకుని ఊపిరాడకుండా నవ్వాడు. ఇంగ్లీషు సారు నవ్వలేదు. భయం పోయిన చోట బాధ వచ్చింది. "పోలికను సరుకనుకున్నారా" అని రెండుసార్లు అన్నాడు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, బేరం పెట్టాను. "సార్, మీరు దుకాణానికొచ్చి మీ నోటితో చెప్తే బాపు ఇంటడు. సామాను వాపసిచ్చినట్టుంటది. రాకపోతే గీ నక్క మీ బల్ల మీదనే ఉంటది." ఆయన నక్క వైపు చూశాడు. అది కుక్కకళ్లతో ఆయన వైపు చూసింది. లేచి చెప్పులేసుకున్నాడు.

గుండీలూ మేకులూ నా సంచిలో, నక్క నా చంకలో, కొరడా పేపరులో చుట్టి సారు చేతిలో. చుట్టినా దాని ఎర్రగుడ్డ బయటికే వేలాడుతోంది. బజారు పొడుగునా మమ్మల్ని చూడనివాళ్లు లేరు. బస్టాండు మలుపులో పూలమ్మే ఆమె, "ఈసారి పోతరాజు మీరేనా సారూ? జర తిండి వెంచున్రి" అంది. సారు ఇంగ్లీషులో ఏదో గొణిగాడు. పోలిక కాదది, ప్రార్థన అనుకుంటాను.

బాపు ఆయన్ను చూసి స్టూలు వేశాడు. "ఏం సార్, నక్క సైజు సరిపోలేదా?" అన్నాడు. అమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. చిన్నాయిన గల్లా వెనక నిలబడ్డాడు, తన ఇంగ్లీషు వాపసు వస్తోందని తెలిసినవాడిలా. సారు చెమట తుడుచుకుని, ఇది చీటీ కాదనీ, ఇంగ్లీషువాళ్లు తెలివిగలవాళ్లను ఈ వస్తువులతో పోలుస్తారనీ, మీ అమ్మాయి ఇలాంటిదని రాశాననీ, సోమవారం లోపు మంచి ఉత్తరం తీసుకుపోతే నల్గొండలో సీటు వస్తుందనీ చెప్పాడు. బాపు నల్గొండ మాట వినిపించుకోలేదు. సరుకు మాటే వినిపించుకున్నాడు. గల్లా మీద గుండీల అట్ట పెట్టుకుని, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"సార్, నేను పాతికేండ్ల సంది గీటిని అమ్ముతున్న. గీండ్ల ఏది తెలివిగల్లదో నాకు తెల్వదా? గిదిగో గుండీ. నాలుగు తొర్రలున్నయి. పోసిన తెలివి నిలుస్తదా? గిది మేకు. నెత్తిమీద కొడితెనే లోపలికి వోతది. మీరు మా బిడ్డను గట్లనే సదివిచ్చిన్రా?"

"లేదండీ, కొట్టలేదు. అసలు ఎవరినీ కొట్టను."

"మల్ల? మా దిక్కు మేకంటె ఏమంటరో ఎరుకేనా? ఏకై వచ్చి మేకై కూసున్నడంటరు. కిరాయికొచ్చి ఇల్లు ఖాళీ చెయ్యనోన్ని అంటరు. నా బిడ్డ నా ఇంట్ల కిరాయికున్నదా? కొరడా ముచ్చట సరే, ఎవని చేతులుంటే వాడు చెప్పినట్టింటది. నక్కనైతే ఇగ నేను చెప్పొద్దు, మీరు ఇనొద్దు."

సారుకు పౌరుషం వచ్చింది. నేను ఆయన్ను అలా చూడటం అదే మొదటిసారి. ఇంగ్లీషు వద్దనుకుంటే తెలుగులోనే చెబుతాను, తెలుగులో లేవా అన్నాడు. "చాకులాంటి పిల్ల."

"చాకంటె దుకాణానికొచ్చినోల్లు దగ్గరికి రారు."

"పాదరసంలాంటి బుర్ర."

"పాదరసం చేతికి దొరకది. దొరకని పిల్లంటె ఊర్లె ఏమనుకుంటరు సార్?"

"మెరికలాంటి పిల్ల" అన్నాడు సారు, ఇక ఇదే ఆఖరన్నట్టు.

అమ్మ చేటలోంచి ఒక వడ్లగింజ తీసి వేళ్ల మధ్య పట్టుకుని చూపించింది. "మెరికంటె గిదే గద సారూ. ఏరి పారేస్తం."

నేను ఆ తర్వాత చాలా చదివాను. ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీకి సరుకు బేరమాడి కొనిపెట్టే ఉద్యోగం చేస్తున్నాను, రోజూ ఇంగ్లీషులో యాభై ఉత్తరాలు చూస్తాను. వాటిలో తప్పర్థాలు లేవని కాదు. కానీ ఆ తప్పును సవరించడానికి ఎవరూ కుర్చీలోంచి లేవరు. మా అన్న ఫోను అరక్షణంలో వార్డంతా మేకులు పరిచింది. అతను బడివాళ్లకు బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు, వాళ్లూ సంతోషించారు. మా చిన్నాయినకు అదే తప్పు చేయడానికి అరపూట పట్టింది. అందులో ఒక డిక్షనరీ, ముగ్గురు మనుషులు, ఒక కుక్క శ్రమ ఉంది. ఆ తప్పును దిద్దడానికి ఒక భయస్థుడు నడిబజారులో కొరడా పట్టుకుని నడిచాడు. తప్పుకు కూడా అప్పుడు గిరాకీ ఉండేది. సారును నేను ఆ రోజు నడిపించుకు రాకుండా ఉంటే, ఆయన తన పోలికలతో ఆలంపూర్ పోయేవాడు, నేను ఈపాటికి రామన్నపేటలో అద్దం లేకుండా గాజులు అమ్ముతూ ఉండేదాన్ని. బాగానే అమ్మేదాన్ని కూడా, ఆ భయమే నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ సాయంత్రం సారు స్టూలు మీద చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. చాయ్ వచ్చింది, చల్లారింది. బాపే చివరికి జాలిపడ్డాడు. చీటీల కాగితం ఒకటి చింపి, చెవి మీది పెన్సిలు తీసి ఆయన ముందు పెట్టాడు.

"గా మేడానికి తెలుగొస్తదా?"

"వస్తుంది."

"అయితె తెలుగుల రాయున్రి. గుండీలు వద్దు, నక్కలు వద్దు. సామానేం లేకుంట, నా బిడ్డ ఎట్లాంటిదో గదే రాయున్రి. నాకు గూడ సదవొస్తది."

పోలిక లేకుండా ఒక్క వాక్యం రాయడం సారుకు ఎంత కష్టమైందో నేను చూశాను. మూడుసార్లు పెన్సిలు కాగితం దాకా పోయి వెనక్కి వచ్చింది. "లాగా" అని రాసి కొట్టేశాడు. చివరికి ఒకే ఒక వరస రాసి, సంతకం పెట్టి, కాగితాన్ని బాపు వైపు తిప్పాడు. బాపు వేలు పెట్టి ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"ఈ అమ్మాయికి ఏదైనా ఒక్కసారి చెబితే అర్థమవుతుంది."

దాన్ని లోపల మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. కాగితం ఎత్తి వెలుగులో పెట్టి చూశాడు, సరుకులో ఎక్కడైనా చిల్లి ఉందేమోనని చూసినట్టు.

"ఒక్కసారికేనా సార్?"

"ఒక్కసారికే."

"ఖాయమేనా?"

"నేను మూడేళ్లు చూసినా."

బాపు నా వైపు తిరిగాడు. సారును ఇరికించాననుకున్నాడో, నన్ను ఇరికించాననుకున్నాడో తెలియదు, మొహంలో మాత్రం బేరం తెగ్గొట్టబోయే ముందుండే నిదానం ఉంది. "మరి తొమ్మిదో తరగతి సంది చెప్పవడితిని, నల్గొండ వద్దు బిడ్డా, వద్దు బిడ్డా అని. గదెందుకర్థం కాలే నీకు?"

చిన్నాయిన దగ్గు ఆపుకున్నాడు. అమ్మ చేతిలో చేట ఆగిపోయింది. సారు కాగితం వెనక్కి లాక్కుందామా అన్నట్టు చేయి సగం చాపాడు. అమ్మడానికి నా దగ్గర ఆ పూట ఏమీ మిగల్లేదు, ఉన్న మాట ఒక్కటే ఉంది.

"ఒక్కసారికే అర్థమైంది బాపు. ఒప్పుకోలే."

బాపు పెన్సిలు ములికిని నాలిక మీద తడిచేసి, కాగితంతోపాటు సారు ముందుకు జరిపాడు.

"గది గూడ రాయున్రి సార్" అన్నాడు. "కాలేజోల్లకు ముందుగాలనే తెల్వాలె."